రాత్రంతా చెప్పిన ఒగ్గు కథ: హెచ్‌డీ నుంచి డీవీడీకి, క్వాలిటీ పోకుండా ఎలా?

డోలు_దరువు (హనుమకొండ):
అందరికీ నమస్తే. ఐనవోలు దగ్గర మా ఊళ్లో మల్లన్న పట్నాలు వేసినప్పుడు ఒగ్గు కథ పెట్టించాం. రాత్రి మొదలుపెడితే తెల్లవారుజాము దాకా సాగింది. మధ్యలో ఆగిన టైం తీసేస్తే నాలుగున్నర గంటల రికార్డింగ్ ఉంది. ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్, 1920×1080, 50ఐ. ఫైళ్లన్నీ కలిపి 40 జీబీ పైనే.

కథ చెప్పిన బృందంలో పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఒక కాపీ ఇస్తామని మాటిచ్చాం. వాళ్ల ఇళ్లల్లో ఉన్నవి డీవీడీ ప్లేయర్లే. కొందరికి ఇంకా పాత డబ్బా టీవీలు, కొందరికి ఎల్ఈడీ. ఇక్కడే ఒక షాపులో డీవీడీ చేయించాం. చూస్తే చాలా బాధేసింది. డోలు కొట్టే కర్ర చుట్టూ దువ్వెన పళ్లలాగా గీతలు. పట్నం ముగ్గు గీతలు మినుకు మినుకుమంటున్నాయి. దీపాల పొగ ఉన్నచోట అంతా గడులు గడులు. కుంకుమ, పసుపు రంగులు కూడా అసలు ఫైల్‌లో ఉన్నట్టు లేవు.

ఇది డీవీడీ హద్దు అనుకుని ఊరుకోవాలా? లేక ఇంతకంటే మంచిగ చేసే దారి ఉందా?

కాజీపేట_మిక్సింగ్:
దారి ఉంది తమ్మీ. ముందు తప్పని నష్టం ఎంతో చూద్దాం.

నీ ఫైల్‌లో ఒక ఫ్రేమ్‌కు 20,73,600 పిక్సెళ్లు. మన పాల్ (సెకనుకు 25 ఫ్రేమ్‌ల టీవీ పద్ధతి) డీవీడీ 720×576, అంటే 4,14,720. సరిగ్గా ఐదో వంతు. ఈ తగ్గుదలను ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ముగ్గులోని సన్న చుక్కలు, దూరంగా కూర్చున్నవాళ్ల ముఖాల వివరాలు కొంత పోతాయి. కానీ నువ్వు చెప్పిన నాలుగు జబ్బులూ దీనివల్ల వచ్చినవి కావు. గీతలు ఒక కారణం, మినుకు ఇంకొకటి, గడులు వేరే, రంగు వేరే. నాలుగింటికీ మందు ఉంది. హెచ్‌డీలో తీసి పద్ధతిగా కుదించిన డీవీడీ, పాత ఎస్‌డీ (హెచ్‌డీకి ముందటి, తక్కువ పిక్సెళ్ల) కెమెరాతో తీసిన దానికంటే ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. నాలుగైదు పిక్సెళ్లు కలిసి ఒకటయ్యేటప్పుడు రాత్రి షూటింగ్‌లోని గింజ (చీకట్లో కదిలే సన్న చుక్కలు) కూడా తగ్గిపోతుంది.

ఒక్క సంగతి చెప్పు. ఎన్ని డిస్కుల్లో ఇచ్చారు?

డోలు_దరువు:
ఒక్కదాంట్లోనే అన్నా. నాలుగున్నర గంటలూ ఒకే డిస్కులో.

కరీంనగర్_ఎడిటర్:
గడులు ఎందుకు వచ్చాయో తేలిపోయింది. లెక్క చూడండి.

4.7 జీబీ డిస్కులో పట్టేది 470 కోట్ల బైట్లు, అంటే 37,600 మెగాబిట్లు. నాలుగున్నర గంటలకు 16,200 సెకన్లు. భాగిస్తే సెకనుకు 2.3 మెగాబిట్లు, ఆడియోతో కలిపి. డీవీడీలో వీడియోకే 9.8 మెగాబిట్ల దాకా అనుమతి ఉంది. అందులో నాలుగో వంతు కూడా లేకుండా డోలు దరువు, ఎగిరే బండారి (పసుపు పొడి), దీపాల పొగ, వెనక జనం అన్నీ డీవీడీ వాడే ఎంపెగ్-2 కంప్రెషన్‌లో ఇరికిస్తే అది చేయగలిగింది చిత్రాన్ని ముక్కలు చేయడమే.

మూడు డిస్కులు చేయండి, ఒక్కోదాంట్లో గంటన్నర. 5,400 సెకన్లకు భాగిస్తే 6.9 వస్తుంది. మెనూలకు, ప్యాకింగ్‌కు నాలుగైదు శాతం వదిలి, ఆడియో తీసేస్తే వీడియోకు సగటున 6,300 కిలోబిట్లు హాయిగా దొరుకుతాయి. గరిష్ఠం 8,500 దాటించొద్దు. 9,800 దాకా పెట్టుకోవచ్చని రూల్ ఉన్నా, ఇంట్లో రాసిన డిస్కుల మీద ఆ వేగానికి చాలా చవక ప్లేయర్లు తడబడతాయి. రెండు పాస్‌ల వీబీఆర్ (అవసరాన్నిబట్టి మారే బిట్‌రేట్) తప్పనిసరి. మొదటి పాస్‌లో ఎక్కడ కదలిక ఎక్కువుందో చూసుకుంటుంది, రెండో పాస్‌లో దాన్నిబట్టి బిట్లు పంచుతుంది. ఒగ్గు కథలో కథకుడు నిలబడి వచనం చెప్పే భాగానికి తక్కువ చాలు, దరువు అందుకున్నాక ఒక్కసారిగా ఎక్కువ కావాలి. ఇలాంటి వీడియోకు రెండు పాస్‌ల తేడా కళ్లకు కనబడుతుంది.

జమ్మికుంట_స్టూడియో:
8.5 జీబీ డబుల్ లేయర్ డిస్కులు వాడితే రెండిట్లో అయిపోతుంది కదా?

కరీంనగర్_ఎడిటర్:
లెక్కకు అవుతుంది భాయ్. కానీ పల్లెల్లో ఉన్న పాత ప్లేయర్లలో డబుల్ లేయర్ డిస్కు చదవనివి చాలా ఉన్నాయి. చదివినా లేయర్ మారే చోట ఒక క్షణం ఆగుతాయి. పెద్దవాళ్లకు ఇస్తున్నప్పుడు ఆ రిస్క్ వద్దు. మామూలు డీవీడీ-ఆర్ మేలు.

ఫీల్డ్_ఆర్డర్ (మంచిర్యాల):
డోలు కర్ర గీతల గురించి నేను చెప్తా. పెళ్లి వీడియోల్లో కూడా నేను రోజూ చూసే సమస్య ఇదే.

50ఐ అంటే సెకనుకు 50 సగం చిత్రాలు. ఈ సగాలనే ఫీల్డ్‌లు అంటారు, ఇలా తీయడాన్ని ఇంటర్లేస్ అంటారు. ఒక ఫ్రేమ్‌లో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతివి. ఆ కాస్త టైంలోనే డోలు కర్ర చాలా దూరం కదులుతుంది. ఈ రెండు క్షణాలను విడదీయకుండా 1080 గీతలను నేరుగా 576కు కుదిస్తే, వేరు వేరు క్షణాల గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అలా కలిసినవాటిని తర్వాత ఏ టీవీ, ఏ ఫిల్టర్ విడదీయలేదు. మీ డిస్కులో జరిగింది ఇదే.

సరైన వరస ఇలా. ముందు ప్రతి ఫీల్డ్‌నీ ఒక పూర్తి ఫ్రేమ్‌గా చేసి సెకనుకు 50 పూర్తి చిత్రాలు తెచ్చుకోవాలి. అవిసింత్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో క్యూటీజీఎంసీ దీనికి చాలా మంచిది, బాగా నెమ్మది కూడా. అంత ఓపిక లేకపోతే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఉంది, ఫ్రేమ్‌కు ఒకటి కాకుండా ఫీల్డ్‌కు ఒకటి ఇచ్చే మోడ్ పెట్టాలి. ఆ తర్వాత 720×576కు కుదించాలి. చివరగా ఆ 50 చిత్రాల నుంచి మళ్లీ ఫీల్డ్‌లు తీసుకుని 25 ఇంటర్లేస్డ్ ఫ్రేమ్‌లు కట్టాలి.

ఫీల్డ్ ఆర్డర్, అంటే రెండు ఫీల్డ్‌లలో ఏది ముందు అనేది, మర్చిపోవద్దు. హెచ్‌డీ ఇంటర్లేస్డ్‌లో పై ఫీల్డ్ ముందు. డీవీడీలో ఏదైనా ఉండొచ్చు, కానీ వీడియోలో ఉన్నదీ ఎన్‌కోడర్‌కు చెప్పినదీ ఒకటే కావాలి. పాత డీవీ టేపుల పద్ధతిలో కింది ఫీల్డ్ ముందు అని ప్రీసెట్ ఉంటే, కదిలే ప్రతిదీ ముందుకొకసారి వెనక్కొకసారి ఊగినట్టు కనబడుతుంది. డోలు కొట్టే భాగం రెండు నిమిషాలు చేసి టీవీ మీద చూస్తే తెలిసిపోతుంది. కంప్యూటర్ మానిటర్ మీద తెలియదు.

జగిత్యాల_లెన్స్:
ఇంత చుట్టుతిరుగుడు ఎందుకన్నా? నేరుగా డీఇంటర్లేస్ చేసి 25 ప్రోగ్రెసివ్‌గా (సగాలు కాకుండా పూర్తి చిత్రాలుగా) పెట్టేస్తే అయిపోతుంది. ఇప్పుడు అందరి ఇళ్లల్లో ఎల్ఈడీలే.

ఫీల్డ్_ఆర్డర్:
మాటలు మాత్రమే ఉండే వీడియో అయితే నేనూ అదే చేస్తాను. ఇది ఒగ్గు కథ. డోళ్ల వాళ్ల చేతులు, అడుగులు, తల తిప్పడం, అందులోనే కళ అంతా ఉంది. 50 కదలికలు ఉన్నదాన్ని 25కు తెస్తే దరువు తెగినట్టు అనిపిస్తుంది. ఎల్ఈడీ టీవీకి ఇంటర్లేస్డ్ పంపినా అది తనంతట తాను విడదీసి 50 కదలికలూ చూపిస్తుంది. డబ్బా టీవీ అయితే పుట్టిందే ఇంటర్లేస్ కోసం. 25 ప్రోగ్రెసివ్ చేశామంటే సగం కదలిక మన చేతులతో పారేసినట్టే. గింజను, రంగును తర్వాతైనా కాస్త సరిదిద్దుకోవచ్చు, పోయిన కదలిక తిరిగి రాదు.

జగిత్యాల_లెన్స్:
దరువు సంగతి చెప్పాక ఒప్పుకుంటున్నా. మరి ముగ్గు గీతలు మినుకుమనేది కూడా ఇంటర్లేస్ వల్లే కదా? ప్రోగ్రెసివ్‌లో అది ఉండదు.

ఫీల్డ్_ఆర్డర్:
నిజమే. ఒక గీత మందం మాత్రమే ఉన్న అడ్డ గీత ఒక ఫీల్డ్‌లో ఉండి ఇంకో ఫీల్డ్‌లో లేకపోతే సెకనుకు 25 సార్లు ఆరి వెలుగుతుంది. పట్నం ముగ్గు, చీరల జరీ అంచులు, రేకుల షెడ్డు, అన్నిట్లో ఇదే. కుదించేటప్పుడు లాంక్జోస్ లాంటి పదునైన పద్ధతి వాడి, దాని మీద మళ్లీ షార్ప్ పెంచితే ఇంకా పెరుగుతుంది. మందు చిన్నదే. నిలువు దిశలో మాత్రం కొద్దిగా మెత్తబరచాలి. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో మళ్లీ ఇంటర్లేస్ చేసే ఫిల్టర్ ఆ పని తనే చేస్తుంది, దాన్ని ఆఫ్ చేయకపోతే చాలు. మానిటర్ మీద చూసి మసకగా ఉందని భయపడొద్దు.

పసుపు_కుంకుమ (జనగామ):
రంగు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒగ్గు కథలో బండారి, కుంకుమ, పట్నం పొడులు ఇవే ప్రాణం. అందుకే ఇది నేను చెప్పాలి.

హెచ్‌డీ వీడియోలో రంగులు బీటీ.709 పద్ధతిలో లెక్కగట్టి ఉంటాయి. ఎస్‌డీ, అంటే డీవీడీ, బీటీ.601 పద్ధతి. కుదించేటప్పుడు ఈ మార్పు కూడా చేయాలి. చాలా సాఫ్ట్‌వేర్లు సైజు మార్చి ఊరుకుంటాయి. అప్పుడు ప్లేయర్ ఆ అంకెలను పాత లెక్కతో చదువుతుంది. కుంకుమ అసలుకంటే ముదురుగా తేలుతుంది, తోరణంలోని ఆకుల పచ్చ ఎక్కువ వెలుగుతుంది, పసుపులో లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. తేడా పెద్దగా ఉండదు. విడిగా చూస్తే చాలామందికి తెలియదు. కానీ అసలు ఫైల్ పక్కన పెట్టి చూస్తే వెంటనే తెలుస్తుంది. డోలు_దరువు గారికి తెలిసింది అదే అని నా నమ్మకం. అవిసింత్‌లో కలర్‌మ్యాట్రిక్స్ అనే ప్లగిన్, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లో స్కేల్ ఫిల్టర్‌కే ఇన్‌పుట్, అవుట్‌పుట్ మ్యాట్రిక్స్ చెప్పే వీలు ఉన్నాయి.

మా జిల్లా ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య గారు 2017లో కాలం చేశారు. అంతటి కథకుల గొంతు, నడక మళ్లీ చూడాలంటే మిగిలేది రికార్డింగులే. అందుకే ఇలాంటి పనిలో ఎవరైనా ఇంత శ్రద్ధ పెడుతుంటే నాకు సంతోషంగా ఉంది. మీ బృందం వాళ్లు కూడా మంచి కాపీకి అర్హులు.

డోలు_దరువు:
అక్కా, అన్నలూ, అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి రాసుకుంటున్నా. ఇంకో సందేహం. నా దగ్గర ఎడియస్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో కట్ చేసి, పేర్లు వేసి, ఎంపీ4గా తీసి, ఆ ఎంపీ4ను ఎన్‌కోడ్ చేస్తే సరిపోతుందా?

కాజీపేట_మిక్సింగ్:
ఎంపీ4 మెట్టు పెట్టకు తమ్మీ. కెమెరా ఒకసారి కంప్రెస్ చేసింది. డీవీడీ కోసం ఇంకోసారి తప్పదు. మధ్యలో మూడోసారి మనమే చేర్చకూడదు. ఎడియస్ టైమ్‌లైన్ హెచ్‌డీ ఇంటర్లేస్డ్‌లోనే ఉంచి, కంటికి నష్టం తెలియని గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్ ఫార్మాట్‌లో తీయి. వందల జీబీ అవుతుంది, బయటి హార్డ్ డిస్కు పెట్టుకో. పని అయ్యాక తీసేయొచ్చు.

అంతకంటే ముందు, కెమెరా కార్డు నుంచి ఫైళ్లు తీసేటప్పుడు జాగ్రత్త. ఏవీసీహెచ్‌డీ కెమెరాలు పెద్ద రికార్డింగ్‌ను ముక్కలుగా కోసి రాస్తాయి. ముక్కలను ఒక్కొక్కటిగా టైమ్‌లైన్‌లో వేస్తే అతుకు దగ్గర ఆడియో చిన్నగా తెగుతుంది. పాట మధ్యలో వస్తే చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో దింపుకుంటే అదే సరిగ్గా కలుపుతుంది. కార్డులోని ఫోల్డర్ మొత్తం ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి ఉంచుకో.

పేర్లు వేస్తున్నావు కాబట్టి ఒక మాట. 576 గీతల్లో సన్న ఫాంటు వేస్తే తెలుగు ఒత్తులు, గుణింతాలు అలుక్కుపోతాయి. లావుగా ఉన్న ఫాంటు తీసుకో, పెద్ద సైజు పెట్టు. డబ్బా టీవీలు అంచులను కొంత మింగేస్తాయి, పేర్లను చుట్టూ కనీసం పది శాతం లోపలికి జరుపు. కళాకారుల పేర్లు సగం తెగి కనబడితే బాగుండదు.

కరీంనగర్_ఎడిటర్:
రాత్రి షూటింగ్ కాబట్టి గింజ సంగతి. కెమెరా గెయిన్ పెరిగి చీకటి భాగమంతా కదులుతూ ఉంటుంది. ఎన్‌కోడర్ దాన్ని కూడా కదలిక అనుకుని బిట్లు తగలేస్తుంది. కుదించే ముందు తేలికపాటి టెంపోరల్ డీనాయిజ్ (పక్క ఫ్రేమ్‌లతో పోల్చి గింజ తగ్గించే ఫిల్టర్) పెడితే ఆ బిట్లు ముఖాలకు, డోలుకు మిగులుతాయి. ఎక్కువ పెడితే మాత్రం కథకుడి ముఖం మైనం బొమ్మలా అవుతుంది, బండారి పొడి గాల్లో తేలుతున్నది కనబడదు. నేనైతే తక్కువ వైపే ఉంటాను. క్యూటీజీఎంసీ వాడితే అది తనే కొంత గింజ తగ్గిస్తుంది, విడిగా అక్కర్లేకపోవచ్చు.

ఎన్‌కోడర్‌కు హెచ్‌సీఎన్‌కోడర్ ఉచితం, బాగుంటుంది. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో చేస్తే దాంట్లో పాల్ డీవీడీ టార్గెట్ ఉంది, సైజు, 15 ఫ్రేమ్‌ల జీఓపీ (కలిపి కుదించే ఫ్రేమ్‌ల గుంపు) లాంటివి అదే పెడుతుంది. కానీ ఇంటర్లేస్డ్‌గా ఎన్‌కోడ్ చేయమని, 16:9 అని, బిట్‌రేట్ ఇంత అని మనం విడిగా చెప్పాలి. 16:9 గుర్తు పడకపోతే మనుషులంతా సన్నగా, పొడుగ్గా సాగిపోతారు.

సౌండ్_భాయ్ (వరంగల్):
వీడియో గురించే మాట్లాడుతున్నారు, డోలు వినబడాలి కదా. ఏసీ3 (డాల్బీ ఆడియో ఫార్మాట్) స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, 256 కిలోబిట్లు పెట్టండి. కంప్రెషన్ లేని పీసీఎమ్ పెడితే సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు అదే తినేస్తుంది, వీడియోకు మిగిలేది ఐదు చిల్లర. క్యామ్‌కార్డర్ మైకుతో తీసిన దానికి అంత ఖర్చు అవసరం లేదు.

ముఖ్యమైనది ఇంకొకటి. చాలా ఏసీ3 ఎన్‌కోడర్లలో డైనమిక్ కంప్రెషన్ (పెద్ద చప్పుడును తగ్గించేది) ఫిల్మ్ స్టాండర్డ్ అని ముందే పెట్టి ఉంటుంది. దాన్ని వదిలేస్తే దరువు ఎత్తుకున్నప్పుడు డోలు దెబ్బ అణిగిపోతుంది. దాన్ని తీసేసి, డయలాగ్ నార్మలైజేషన్ (మాటల స్థాయి సెట్టింగ్) మైనస్ 31 పెట్టండి. దెబ్బ దెబ్బలాగే వస్తుంది.

హుజూరాబాద్_ఫోన్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నేను బతుకమ్మ ఫోన్‌లో తీశాను, 30 ఫ్రేమ్‌లు. అమ్మమ్మకు డీవీడీ కావాలి. ఇదే పద్ధతా?

ఫీల్డ్_ఆర్డర్:
మీది వేరు. 30ని 25కు తెస్తే ప్రతి ఆరు ఫ్రేమ్‌లలో ఒకటి పోతుంది, చుట్టూ తిరిగే ఆడవాళ్ల అడుగు తడబడినట్టు కనబడుతుంది. మీరు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) డిస్కు చేయండి, 720×480, 29.97. ఇక్కడ అమ్మిన ప్లేయర్లు ఎక్కువగా రెండూ ఆడతాయి, అయినా అమ్మమ్మ గారి ప్లేయర్‌లో ముందు చిన్న టెస్ట్ వేసి చూడండి. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ముందు దాన్ని స్థిరం చేయకపోతే పాట ముందుకు, చప్పట్లు వెనక్కు జరుగుతాయి. వచ్చే బతుకమ్మకు ఫోన్‌లో 25 ఆప్షన్ ఉంటే అదే పెట్టి తీయండి.

హుజూరాబాద్_ఫోన్:
అర్థమైంది అన్నా, థాంక్స్.

జమ్మికుంట_స్టూడియో:
రాసేటప్పుడు: ఆథరింగ్ (మెనూలతో డీవీడీ కట్టే) సాఫ్ట్‌వేర్‌కు మీ ఎంపెగ్-2 ఇచ్చాక అది మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా చూసుకోండి. డీవీడీస్టైలర్‌లో వీడియోను కాపీ చేయమనే ఎంపిక ఉంది. ఇమ్గ్‌బర్న్‌తో 8 ఎక్స్‌లో రాసి, వెరిఫై టిక్ పెట్టండి. డిస్కు మీద కాగితం స్టిక్కర్ అంటించొద్దు, బరువు ఒకవైపు పడి పాత ప్లేయర్లు మొరాయిస్తాయి.

డిస్కు ఇచ్చే ఇంట్లో వైర్లు కూడా చూసి రండి. పసుపు వైరు ఒక్కటే పెట్టి ఉంటే, టీవీలో కాంపోనెంట్ ఉంటే ఆ మూడు వైర్లు పెట్టండి, రంగులు వెంటనే తేరుకుంటాయి. ప్లేయర్ సెటప్‌లో ఎల్ఈడీకి 16:9, డబ్బా టీవీకి 4:3 లెటర్‌బాక్స్. ఈ ఒక్క సెట్టింగ్ సరిగా లేక మంచి డిస్కును చెడ్డదనుకునే ఇళ్లు చాలా చూశాను.

డోలు_దరువు:
అందరూ చెప్పిన పద్ధతిలో దరువు భాగం, పట్నం భాగం కలిపి ఒక టెస్ట్ డిస్కు చేశాను. రీరైటబుల్ మీద రాసి, బృందం పెద్దాయన ఇంట్లో డబ్బా టీవీ మీదా, పక్కింట్లో ఎల్ఈడీ మీదా వేశాం. డోలు కర్ర శుభ్రంగా ఉంది. ముగ్గు దాదాపు నిలబడింది, దూరం నుంచి తీసిన షాట్‌లో మాత్రం కాస్త మినుకు ఉంది. కుంకుమ కుంకుమలాగే ఉంది. పెద్దాయన తన చెయ్యి ఎట్ల తిరుగుతుందో మనవడికి చూపిస్తూ అక్కడే ఇంకోసారి వేయించుకున్నాడు.

ఇప్పుడు మిగిలింది ఒకటే. మూడు డిస్కులకు ఎక్కడ కోయాలి? సరిగ్గా గంటన్నరకు కోస్తే పాట మధ్యలో పడుతుంది.

పసుపు_కుంకుమ:
గడియారం చూసి కోయకండి, కథ చూసి కోయండి. మల్లన్నతో మేడలమ్మ పెళ్లి ముగిసే చోట ఒకటి, కేతమ్మ ఘట్టం మొదలయ్యే ముందు విరామం ఉంటే అక్కడ ఒకటి. బృందం వాళ్లనే అడిగితే ఎక్కడ ఊపిరి తీసుకుంటారో వాళ్లే చెప్తారు.

కరీంనగర్_ఎడిటర్:
అక్క చెప్పినట్టే చేయి తమ్మీ. ఒక డిస్కు గంటా నలభై నిమిషాలు, ఇంకోటి గంటా పావు అయినా ఫర్వాలేదు. ప్రతి డిస్కుకూ లెక్క విడిగా కట్టుకో. గంటా నలభై అంటే 6,000 సెకన్లు, వీడియోకు 5,700 దగ్గర పెట్టు. చిన్న డిస్కుకు 7,500 దాకా పెంచుకోవచ్చు, ఆ పైన పెంచినా ఈ సైజులో తేడా కనబడదు.

కాజీపేట_మిక్సింగ్:
డిస్కులు పంచాక కూడా కెమెరా ఫైళ్లు తుడవొద్దు. రాసిన డిస్కు ఎండలో, తేమలో పాడవుతుంది. 40 జీబీ అంటే ఈరోజు ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేది. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరు ఇళ్లల్లో ఉంచు. బృందంలో కుర్రవాళ్లకు హెచ్‌డీ ఫైలే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు. పాత టీవీలు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కాబట్టి ఘట్టాల వారీగా కోసి ఇస్తే అన్నిట్లో ఆడుతుంది.

డోలు_దరువు:
సరే అన్నా. ఘట్టాల పేర్లు బృందం పెద్దాయనతోనే రాయిస్తాను. మూడో డిస్కు ఎన్‌కోడ్ ఇప్పుడే మొదలుపెట్టా, క్యూటీజీఎంసీ పొద్దున దాకా నడిచేట్టుంది. ముగ్గు దూరం షాట్‌కు నిలువు మెత్తదనం ఇంకొంచెం పెంచి చూసి, ఫలితం ఇక్కడే రాస్తాను.